నీళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం అంటోంది మా బిడ్డ, పంపొచ్చా?

మర్రిగూడ వైపు నుంచి ఒక రైతు అన్న రాసిన ప్రశ్న ఇది, కుదించి ఇస్తున్నా: "మా బిడ్డ నల్లగొండలో బీఎస్సీ ఫైనలియర్, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ. ఊర్ల మహిళా సంఘం వాళ్ళతోని కలిసి కిట్టు పట్టుకొని నల్లా నీళ్ళు పరీక్ష చేసింది, అప్పటిసంది నీళ్ళ తనిఖీ ఉద్యోగమే చేస్తా అంటది. వాళ్ళమ్మ బీఈడీ అంటది, మా బామ్మర్ది హైదరాబాద్‌ల కంప్యూటర్ కోర్సు అంటడు. అసలు ఇట్లాంటి ఉద్యోగం ఉన్నదా? ఊర్లు తిరగాలంటే ఆడపిల్లకు ఇబ్బంది కాదా? మా నాయిన ఫ్లోరైడ్‌తోని నడుం వంగిపోయి పోయిండు. అందుకే కాదనలేకపోతున్న."

అన్నా, ఉద్యోగం ఉంది. కానీ ఒక్క ఆఫీసులో, ఒక్క పరీక్ష రాస్తే వచ్చేది కాదు, నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా ఉంది. ఇది ముందే తెలుసుకోకపోతే ఏదో నోటిఫికేషన్ పడుతుందని మూడేళ్ళు ఇంట్లో కూర్చుని టెన్షన్ పడే పరిస్థితి వస్తుంది, అట్లా కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇంగ్లండ్‌లో తాగునీటి కంపెనీలను తనిఖీ చేయడానికే 1990 నుంచి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. అమెరికాలో 1974లో తాగునీటి చట్టం వచ్చింది, దాని కింద ఊళ్ళకు నీళ్ళిచ్చే వ్యవస్థలను మామూలుగా మూడేళ్ళకొకసారి, నీళ్ళు తోడే చోటు నుంచి ట్యాంకు, పైపు దాకా నడిచి చూసి రిపోర్టు రాయాలి. మన దగ్గర ప్రమాణం అయితే గట్టిదే. దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ వాళ్ళ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు. నైట్రేట్ 45 దాటితే ఇక సడలింపే లేదు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఈ-కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనిపించొద్దు. అయితే ఆ నీళ్ళను ఎక్కువగా పరీక్షించేది నీళ్ళిచ్చే శాఖే, బయటివాళ్ళు వచ్చి చూసే పద్ధతి మన దగ్గర ఇంకా గట్టిపడలేదు. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు 1974 నాటి నీటి చట్టం కింద నదులు, చెరువుల్లో కలిసే మురుగు, ఫ్యాక్టరీ నీళ్ళ సంగతి చూస్తుంది. సీసాల్లో అమ్మే నీళ్ళు ఆహార భద్రత వాళ్ళ కిందికి వస్తాయి.

కాబట్టి మీ బిడ్డ చేరగలిగిన చోట్లు ఇవి: మిషన్ భగీరథ, గ్రామీణ నీటి సరఫరా ల్యాబులు, హైదరాబాద్ జలమండలి, పొల్యూషన్ బోర్డు, ప్లాంట్లు నడిపే కాంట్రాక్టు కంపెనీలు, ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులు. ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) లాంటి ఇంజినీరు పోస్టులు బీటెక్ వాళ్ళవి, ఆ ఆశ పెట్టుకోవద్దు. ల్యాబ్ వైపు పోస్టులకే సైన్స్ వాళ్ళను తీసుకుంటారు, అందులోనూ పీజీ ఉన్నవాళ్ళకే మంచి పోస్టులు అందుతాయి.

ఇక అసలు పని గురించి చెప్తాను, ఎందుకంటే మీ బిడ్డ కిట్టు వరకే చూసింది. కిట్టులో రంగు చూసి పోల్చుకోవడమే కదా, 1కీ 1.5కీ మధ్య తేడాను కంటితో ఖచ్చితంగా చెప్పలేం. అది ఊరికి హెచ్చరికగా పనికొస్తుంది. రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్ లాంటి పరికరంతో కొలవాలి. ఆ కొలతకు కూడా శాంపిల్ తెచ్చిన తీరే ప్రాణం. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా కావాలి. బ్యాక్టీరియా పరీక్షకైతే స్టెరిలైజ్ చేసిన సీసా, అందులో ముందే కొంచెం సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి, లేకపోతే నీళ్ళలోని క్లోరిన్ దారి పొడవునా క్రిములను చంపుతూనే వస్తుంది, ల్యాబ్‌కు చేరేసరికి చెడ్డ నీళ్ళు కూడా మంచివిగా తేలతాయి. ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు పరీక్షకు పెట్టాలి. క్లోరిన్ మాత్రం ల్యాబ్‌కు తెచ్చేదాకా ఆగదు, నల్లా దగ్గరే అక్కడికక్కడే చూడాలి, చివరి ఇంటి నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు కింద చూసి బాగుందని రాసుకుని వచ్చేస్తే ఊరి చివరి వాడ పరిస్థితి ఎప్పటికీ తెలియదు.

సీసా ఆ ఒక్క నిమిషం సంగతే చెప్తుంది, మిగతాది కళ్ళతో చూడాల్సిందే. 2024 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్‌లో ఒక తాగునీటి ట్యాంకులో పదుల కొద్దీ కోతులు చచ్చిపడి ఉన్నాయి, మీరూ వినే ఉంటారు. ఆ ప్రమాదం ఏ సీసాలోనూ ముందుగా కనపడదు, నిచ్చెనెక్కి కప్పు సందులు చూసినవాళ్ళకే కనపడుతుంది. పైపు మోరీలోంచి పోతోందా, వాల్వు గుంతలో నీళ్ళు నిలిచాయా, సరఫరా ఆగినప్పుడు ఆ మురికిని పైపు లోపలికి పీల్చుకుంటుందా, బ్లీచింగ్ పౌడర్ బస్తా విప్పి ఎన్నాళ్ళైంది (గాలి తగిలితే దాని పస పోతుంది), ఇవన్నీ అడిగి చూసి రాయాలి. కాలేజీలో ఇది నేర్పరు, ఇదే నా బాధ. టైట్రేషన్ బాగా చేసే పిల్లలు దొరుకుతున్నారు, ట్యాంకెక్కి చూసేవాళ్ళే దొరకడం లేదు.

ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఆరేళ్ళు నీళ్ళ ల్యాబ్‌లో చేశాను. ఒక ఊళ్ళో, పేరు చెప్పను, క్లోరిన్ రిజిస్టర్ తెరిస్తే రాబోయే మూడు రోజుల అంకెలు కూడా రాసి ఉన్నాయి, అన్నీ 0.5, ఒకే పెన్ను. వాటర్‌మ్యాన్‌ను గట్టిగా అడిగితే తల దించుకుని, "క్లోరిన్ చూసే మందు అయిపోయి నెల దాటింది సార్, ఖాళీగా ఉంచితే తిడతరు" అన్నాడు. ఆయన మీద ఫిర్యాదు రాస్తే ఏమొస్తుంది? మందు ఇవ్వలేదని రాశాను, ఆ నెల అంకెలు లెక్కలోకి రావని రాశాను. రెండో మాట తీసెయ్యమని నాకు పైనుంచి ఫోన్ వచ్చింది. తియ్యలేదు. ఆ తర్వాత నన్ను కొన్నాళ్ళు ఫీల్డుకు పంపలేదు కూడా. మీ బిడ్డకూ ఇట్లాంటి రోజు వస్తుంది అన్నా, దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అంకె ఎక్కువొచ్చినా ఉన్నదున్నట్టు రాయగలిగే గుండె ఉంటేనే ఈ పని.

మన జిల్లాకు ఇది కొత్త పాఠం కూడా కాదు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని, ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. కానీ పటిక ఎంత వెయ్యాలో నీళ్ళను బట్టి మారుతుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది, రోజూ కొలిచి చూసే మనిషి లేనిచోట అది నిలబడదు. ఇప్పుడు కృష్ణా నీళ్ళు మీ ఇంటి ముందుకొచ్చాయి, మహబూబ్‌నగర్ వైపు శ్రీశైలం వెనక నీళ్ళు ఎల్లూరు నుంచి పోతున్నాయి. కానీ పైపు పగిలిన రోజు ఊళ్ళో మళ్ళీ పాత బోరే ఆన్ చేస్తే? ఆ రోజు శాంపిల్ తీసే మనిషి కావాలి.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తా. బీఈడీ ఇప్పుడే వద్దు, తర్వాత ఎప్పుడైనా చెయ్యొచ్చు. పీజీ సీట్ల ఎంట్రన్స్ సీపీగెట్ రాయించండి, ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదా కెమిస్ట్రీ. నన్నడిగితే కెమిస్ట్రీ, ఎందుకంటే ఎక్కువ పోస్టుల అర్హతలో అదే ఉంటుంది, నీళ్ళ ఉద్యోగం ఆలస్యమైనా ఫార్మా ల్యాబులు ఉన్నాయి. సీటు రావడానికి ముందో, పీజీ అయ్యాకో ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లో ఒక ఏడాది చెయ్యనివ్వండి. అక్కడ ల్యాబులకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17025 పద్ధతి చేత్తో నేర్చుకుంటుంది, అంటే మెషిన్ కాలిబ్రేషన్, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టడం, ఆడిట్‌కు జవాబు చెప్పడం. జీతం తక్కువే, హైదరాబాద్‌లో హాస్టల్‌కు కట్టాక మీకు పంపేంత మిగలదు, ముందే అనుకోండి. మీ బామ్మర్ది మాట పూర్తిగా తీసెయ్యొద్దు, ఎక్సెల్ బాగా రావాలి, ఏడాది అంకెలు పట్టికలో పెట్టి ఎక్కడ తేడా ఉందో పట్టుకునేది దానితోనే.

ఊర్లు తిరగడం గురించి భయపడకండి అన్నా. ఇంటింటికీ నల్లా ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు కిట్ల మీద శిక్షణ ఇవ్వాలని పెట్టారు, మీ ఊరి సంఘం వాళ్ళు చేస్తున్నది అదే. ఇంటింటికీ పోయి నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే పనిలో ఆడమనిషినే లోపలికి రమ్మంటారు. చూసుకోవాల్సింది బండి నడపడం, తిరిగొచ్చే వేళ, ఎత్తు ట్యాంకు ఎక్కేటప్పుడు తోడు మనిషి. స్కూటీ నేర్పించండి.

ఒకపని చెయ్యండి. ఈ ఆదివారం మీ పాత బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు రెండు ప్లాస్టిక్ సీసాల్లో ఆమెతోనే పట్టించి, తేదీ, టైము, చోటు రాయించి నల్లగొండ ల్యాబ్‌కు పంపించండి. రిపోర్టు వచ్చాక అందులో ఏముందో, ట్యాంకు దగ్గర తను చూసిందేమిటో ఒక పేజీ తెలుగులో రాసి మీకు, వాళ్ళమ్మకు చదివి వినిపించమనండి. వాళ్ళమ్మ విని "అయితే ఏ నీళ్ళు తాగాలె?" అని అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగితే సీపీగెట్ ఫీజు కట్టెయ్యండి. ఆ పేజీ నాకూ పంపండి, చదువుతాను.