ఎదురింటాయన మీద కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. నాన్నగారు పొద్దున్నే సెల్లార్‌లో వాకింగ్ చేస్తూ గుండెపోటుతో పడిపోయారు. ఎదురింటాయన చూసి కూడా 11 నిమిషాల తర్వాత 108కి ఫోన్ చేశారు. సీసీ కెమెరాలో ఉంది. అంబులెన్స్‌లో వెంట వెళ్లింది ఆయనే. మొదటి ఆస్పత్రివాళ్లు 40 నిమిషాలు ఉంచి, డిపాజిట్ కట్టలేదని పంపేశారు. రెండో ఆస్పత్రికి చేరేలోపే నాన్న పోయారు. వచ్చే నెల 19కి రెండేళ్లు. ఆయనే తోసి చంపాడని కంప్లైంట్ ఇస్తే పోలీసులు కేసు కడతారని ఒకరన్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: మీ ఉత్తరం దాదాపు అంతా ఎదురింటాయన మీదే. ఆస్పత్రి గురించి రాసింది నాలుగు లైన్లు. మీ కేసు ఆ నాలుగు లైన్లలోనే ఉంది.

ఒక పని చేయకపోవడం నేరం కావాలంటే, అది చేసి తీరాలన్న బాధ్యత చట్టం ఆ మనిషి మీద పెట్టి ఉండాలి. ఎదురు ఫ్లాట్ మనిషి మీద అలాంటి బాధ్యత లేదు. ఆయన అసలు ఫోనే చేయకపోయినా కేసు నిలబడదు.

ఆ బాధ్యత ఆస్పత్రి మీద ఉంది. ఎమర్జెన్సీలో ముందు ప్రాణం కాపాడే వైద్యం చేయాలని, ప్రైవేటు డాక్టర్లకైనా ఇదే వర్తిస్తుందని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టలేదని వైద్యం మధ్యలో ఆపేసిన ఒక ఆస్పత్రి 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2005లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది.

'ఆయన మా పేషెంటే కాదు' అని ఆస్పత్రి వాదిస్తుంది. దానికి మీ సమాధానం 500 రూపాయల ఓపీ చీటీ. మీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాశారు, ఆ 500 ఎదురింటాయనే తన ఫోన్‌పే నుంచి కట్టారని. డబ్బు వేరేవాళ్లు కట్టినా సేవ పొందాల్సిన రోగి వినియోగదారుడే. నాన్నగారు పోయాక వారసులుగా మీరు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆ 40 నిమిషాలు అక్కడ ఉన్న సాక్షి కూడా ఎదురింటాయన ఒక్కరే. మీరు బెంగళూరులో ఉన్నారు, అమ్మగారు ఇంట్లో ఉన్నారు.

అలాంటి మనిషి మీద దొంగ కంప్లైంటా? హత్య చేశాడని అబద్ధపు కేసు పెడితే భారతీయ న్యాయ సంహిత 248 కింద మీకే పదేళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా తోస్తే చనిపోయారని మీరే రాసిచ్చిన కాగితాన్ని ఆస్పత్రి లాయరు కమిషన్ ముందు పెడతాడు. రెండు కేసులూ పోతాయి.

దాదాపు రెండేళ్లు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆయన్ని హంతకుడని తిడుతూ గడిపారు. ఆస్పత్రికి ఒక్క నోటీసు ఇవ్వలేదు, వాళ్ల సీసీ ఫుటేజీ అడగలేదు. ఇది మీ అజాగ్రత్తే. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించొచ్చు గానీ, ఎదురింటాయనతో గొడవ తగిన కారణం కాదు.

ఈ వారమే ఓపీ చీటీ, 500 కట్టినట్టు బ్యాంకు ముద్రతో స్టేట్‌మెంట్, రెండో ఆస్పత్రి ఇచ్చిన కాగితాలు తీసుకోండి. మొదటి ఆస్పత్రిలో రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. 108 రికార్డులో ఏ టైముకి ఎక్కడ దింపారో ఉంటుంది. అది చేతికొచ్చేదాకా ఆగకండి. ముందు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసి, కమిషన్ ద్వారానే తెప్పించండి.

అంతకంటే ముందు గ్రూపులో పెట్టినవన్నీ తీసేయండి, పరువునష్టం కేసుకి అవే చాలు. తర్వాత ఎదురింటి తలుపు తట్టి, క్షమాపణ చెప్పి, ఆ పొద్దున ఆస్పత్రిలో ఏం జరిగిందో అఫిడవిట్ ఇమ్మని అడగండి.