పాటలో గొంతు మధ్యలోంచి రావట్లేదా? ముందు వైర్లు చూడండి
కొత్త స్పీకర్లు పెట్టాక బేస్ పలచబడిందని, గొంతు మధ్యలో నిలవకుండా గదంతా తిరుగుతున్నట్టుందని రాశారు కదండీ. యాంప్లిఫయర్ మార్చే ఆలోచన ఇప్పుడే వద్దు. ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయని నా అనుమానం. అలాంటప్పుడు ఒక స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ కదిలి ధ్వని పుట్టించే పొర) ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, ఒకదాని బేస్‌ని ఇంకొకటి తినేస్తుంది. యాంప్లిఫయర్ ఆపేసి, ఒక్క స్పీకర్ వెనకే వైర్లు అటూ ఇటూ మార్చండి. రెండు స్పీకర్లకీ మార్చారో, మళ్లీ మొదటికే! (నేనోసారి అదే చేసి అరగంట తల పట్టుకున్నాను.) రాగి పోగు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌కి (వైరు బిగించే చోటుకి) తగలకూడదు. తర్వాత మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చేలా) ఏదైనా పాట వినండి. గొంతు సరిగ్గా రెంటి నడుమ నుంచి రావాలి. అప్పటికీ తేడా ఉంటే, స్పీకర్ల మధ్య ఎంత దూరముందో ఒక్కో స్పీకర్ నుంచి మీ కుర్చీకీ సుమారు అంతే ఉండేలా జరపండి. ట్వీటర్లు (సన్నని ధ్వనులు పలికే చిన్న భాగాలు) చెవుల ఎత్తులో ఉంటే మంచిది.