ఆకు ఈనెతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మొక్కల వర్గీకరణ ఎంత బట్టీపట్టినా నిలవడం లేదని టెన్షన్ పడుతున్నావు. పేర్ల పట్టిక కొన్నాళ్లు పక్కన పెట్టు తల్లీ. నాచులా కనిపించే సెలాజినెల్లా అనే చిన్న మొక్క రెమ్మ ఒకటి, ఒక ఫెర్న్ ఆకు దగ్గర పెట్టుకుని హ్యాండ్ లెన్స్‌తో చూడు. సెలాజినెల్లా చిట్టి ఆకులో ఉండేది ఒక్కటే ఈనె, ఎక్కడా చీలదు. ఫెర్న్ ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకో, ఈనెలు చీలి, మళ్లీ చీలి అంచు వైపు పోతుంటాయి. దాదాపు 40 కోట్ల ఏళ్లకు ముందే విడిపోయిన రెండు శాఖలు నీ చేతిలో ఉన్నట్టే. సెలాజినెల్లా, దాని చుట్టాలైన లైకోఫైట్లు ఒక శాఖ. ఫెర్న్‌లు, గుర్రపుతోక మొక్కలు, విత్తన మొక్కలు అన్నీ రెండోది. అంటే ఫెర్న్‌కు సెలాజినెల్లా కంటే గులాబీయే దగ్గరి చుట్టం! లైకోఫైట్లను, ఫెర్న్‌లను కలిపి పిలిచే టెరిడోఫైట్స్ అన్న పేరు పాఠానికి వీలుగా ఉంటుంది గానీ అదంతా ఒకే వంశం కాదు. 2016 నాటి పీపీజీ (ఈ మొక్కలను చదివే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణలో లైకోపోడియాప్సిడా (లైకోఫైట్లు), పాలిపోడియాప్సిడా (ఫెర్న్‌లు, గుర్రపుతోకలు) వేర్వేరు తరగతులు.

తర్వాత, ఏ లక్షణం ఎప్పుడు వచ్చిందో వరసగా రాసుకో. సుమారు 43 కోట్ల ఏళ్ల నాటి కుక్‌సోనియా అనే తొలి నేల మొక్కకు ఆకులు లేవు. రెండుగా చీలే కాడలు, వాటి కొసల్లో సిద్ధబీజాశయాలు (విత్తనాలకు బదులు ఉండే పొడి లాంటి సిద్ధబీజాల సంచులు), అంతే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆర్కియోప్టెరిస్ అనే అంతరించిన చెట్టు. దాని ఆకుల శిలాజాలకు ఒక పేరు, కాండం శిలాజాలకు ఇంకో పేరు ఉండేవి. రెండూ ఒకే చెట్టువని 1960లో శిలాజాల శాస్త్రవేత్త చార్లెస్ బెక్ చూపించాడు. కలప చూస్తే పైన్ లాంటి కోనిఫర్‌ది, సంతానోత్పత్తి మాత్రం సిద్ధబీజాలతో! విత్తన మొక్కల వంశంలో కలప ముందొచ్చిందని, విత్తనం తర్వాతేనని ఈ ఒక్క చెట్టుతో తెలిసిపోతుంది.

ఇప్పటికీ బతికున్న సైలోటమ్ అనే మొక్క దగ్గర మాత్రం జాగ్రత్త. వేర్లు లేవు, సరైన ఆకులూ లేవు, కాడలు కుక్‌సోనియాలాగే చీలతాయి. అందుకే చాలాకాలం దాన్ని తొలి మొక్కల శేషమనుకున్నారు. డీఎన్‌ఏ చూస్తే అది ఫెర్నే, ఓఫియోగ్లాసమ్ అనే ఇంకో ఫెర్న్‌కు దగ్గరిది. వేర్లు, ఆకులు తర్వాత పోగొట్టుకుంది.

పరీక్షలో బెంథామ్, హుకర్‌ల పాత వర్గీకరణ పద్ధతి అడిగితే వాళ్ల క్రమమే రాయి: ద్విదళబీజాలకూ ఏకదళబీజాలకూ మధ్య వివృతబీజాలు (పైన్ లాంటివి). వాటి చోటు అది కాదని ఇప్పుడు తెలుసు కాబట్టి, కింద ఆ ఒక్క వాక్యం కూడా చేర్చు.

నీ పెద్దనాన్న