శేషాచలం కొండగట్టు మీద ఒక్కరోజు నడక: అలవాటు లేని ఆరుగురికి ఎక్కడ, ఎలా?

మీ ప్రశ్న ఇదీ: తిరుపతిలో ఉండే ఆరుగురు స్నేహితులు, ఎవరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలి, మెట్లదారి కాకుండా అడవిలో గట్టు మీద నడవాలి. తుంబురు తీర్థం బాగుంటుందా అని కూడా అడిగారు.

తుంబురు వద్దు. తలకోనకు పోండి, అదీ జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో. మనిషికి 4 లీటర్ల నీళ్ళు మోయండి. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి.

తుంబురుకు దారి తిరుమల మీది పాపవినాశనం నుంచి పోతుంది, అది దాటి లోపలికి మామూలు రోజుల్లో ఎవరినీ వదలరు. ఏటా ఒక పౌర్ణమికి వచ్చే తుంబురు తీర్థ ముక్కోటి ఉత్సవానికే దారి తెరుస్తారు. అది మార్చి, ఏప్రిల్ ఎండల్లో వస్తుంది, పైగా వేలమంది జనం. మిగతా రోజుల్లో "నేను తీసుకుపోతా, ఏం కాదు" అనేవాళ్ళు దొరుకుతారు. నమ్మకండి. ఆ కొండలు 1989 నుంచీ శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. అనుమతి లేకుండా అడుగు పెడితే వన్యప్రాణి చట్టం కింద కేసే. అసలు చిక్కు ఎర్రచందనంతో. దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ కూంబింగ్ చేసే అడవిలో, వీపున బ్యాగులతో దారి లేనిచోట తిరిగే ఆరుగురిని చూస్తే వాళ్ళేమనుకుంటారో మీరే ఊహించండి. ఎర్రచందనం చెట్టును గుర్తుపట్టడం తేలికే: బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది, ఆకు సాధారణంగా మూడేసి రెబ్బలు. చూడండి, ఫొటో తీసుకోండి. కింద పడ్డ పుల్లైనా బ్యాగులో వేసుకోవద్దు.

తలకోనలో ఈ తలనొప్పి లేదు. చంద్రగిరి, భాకరాపేట, నెరబైలు మీదుగా తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే. గేటు దగ్గర టికెట్ తీసుకుని, గైడ్ కావాలని అక్కడే అడగండి. గైడ్ లేకుండా జలపాతం దాకా చాలు, గట్టు మీదికి మాత్రం పోవద్దు. భారీ వానలకో, ఏనుగులు తిరుగుతున్నాయనో దారి మూసే రోజులుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కోండి. ఏనుగుల మాట ఆషామాషీ కాదు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె వైపు గుండాలకోన దారిలో భక్తుల ప్రాణాలే పోయాయి. దారిలో తడి ఆరని లద్దె కనబడితే ఆరోజు నడక అంతటితో సరి.

ఇక గట్టు సంగతి. శేషాచలం పైన చాలాచోట్ల బల్లపరుపుగా ఉంటుంది, అంచుకు వచ్చేసరికి నిలువు చరియ. గట్టి క్వార్ట్‌జైట్ రాయి పలకలుగా విరగడం వల్ల అలా తయారైంది. దారి తప్పినవాళ్ళు "వంక వెంబడి దిగితే ఊరొస్తుంది" అనుకుంటారు. మైదానంలో అది నిజం. ఇక్కడ చాలా వంకలు ఏదో ఒక చరియ మీంచి దూకాల్సిందే, తలకోన జలపాతం 270 అడుగులు దూకేది కూడా అలాగే. రెండు మూడు బండలు జారుకుంటూ దిగాక ముందు అగాధం, వెనక్కి ఎక్కలేరు. అందుకని దారి తెలియకపోతే కిందికి దిగకండి, చివరిసారి దారి స్పష్టంగా కనిపించిన చోటికి వెనక్కి నడవండి. ఫోన్లో నడిచిన దారిని గీసే యాప్ ఒకటి గేటు దగ్గరే ఆన్ చేసి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుంది.

పన్నెండింటి లెక్క ఎక్కడిదంటే: జనవరిలో సూర్యాస్తమయం ఆరు ప్రాంతంలో. చెట్లు దట్టంగా ఉన్న కోనలో వెలుగు అంతకు గంట ముందే పోతుంది. కొత్తవాళ్ళు అడవి దారిలో గంటకు 2 కిలోమీటర్లకు మించి నడవలేరు. దిగేటప్పుడు త్వరగా వచ్చేస్తామనుకుంటారు గానీ మోకాళ్ళు ఒప్పుకోవు, ఎక్కినంత సేపూ దిగడానికీ పడుతుంది. ఏడున్నరకు నడక మొదలుపెట్టాలంటే తిరుపతిలో ఐదింటికి బయల్దేరాలి.

నీళ్ళు 4 లీటర్లంటే 4 కిలోల బరువు. అంత ఎందుకని సగం తగ్గిస్తారు, మధ్యాహ్నానికి అందరూ ఒక్కడి బాటిల్ మీద పడతారు. ఈశాన్య రుతుపవనాల వానకు నవంబరు నుంచి వంకలు పారినా, ఫిబ్రవరికి గట్టు మీద చుక్క దొరకదు. ఒక లీటరులో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోండి. చెమటతో నీళ్ళే కాదు, ఉప్పూ పోతుంది, వట్టి నీళ్ళు ఎన్ని తాగినా అది తిరిగి రాదు. తిండికి చింతపండు పులిహోర, పల్లీ చిక్కీ చాలు. పెరుగన్నం ఎండకు పుల్లబడుతుంది. పాలిథిన్ కవరు చేతిలో వేలాడేస్తే కోతులు లాక్కుపోతాయి, అన్నీ బ్యాగులోనే.

నైలాన్ ట్రాక్‌ప్యాంటు కంటే మందపాటి కాటన్ ప్యాంటు నయం. చిట్టీత (పొట్టి ఈతచెట్టు) ముల్లు పలుచని బూటును దాటి గుచ్చుకుంటుంది. వానలు పోయాక గడ్డి నడుమెత్తు ఉంటుంది, కాలు ఎక్కడ పడుతుందో కనబడదు, ముందు నడిచేవారు కర్రతో తట్టుకుంటూ పోవాలి. ఆ కాలంలోనే దురదగొండి కాయలు ఎండుతాయి. బంగారు రంగు నూగున్న కాయ తీగకు వేలాడుతుంటే పక్కకు తప్పుకోండి. తగిలితే గోకకండి, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి లాగి, తర్వాత కడగండి. ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలో వెడల్పాటి టేపు చుట్ట అందుకే, మడమ బొబ్బలకూ అదే పనికొస్తుంది.

చరియలకు పెద్ద తేనెపట్లుంటాయి. సెంటు, పొగ, రాళ్ళు విసరడం, డ్రోన్, ఈ నాలుగూ వద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని వచ్చిన దారినే పరుగెత్తండి.

పాము కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి. కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి మోసుకురండి, సిగ్నల్ అందగానే 108కి చేసి తిరుపతి రుయా ఆసుపత్రికి. ఆరుగురు ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది: నలుగురు మోస్తారు, ఒకరు ముందుగా పరుగెత్తి గేటు దగ్గర కబురు చెప్తారు.

నడకలో అందరికంటే నెమ్మదైనవారిని రెండో స్థానంలో పెట్టండి. చివర పెడితే మిగతావాళ్ళు ఆగి సేదతీరి, వారు చేరగానే లేచి నడుస్తారు, పాపం వారికి విశ్రాంతే దొరకదు.

కారు నడిపేవారు మధ్యాహ్నం నుంచే నడక కాస్త తగ్గించుకోవాలి, జలపాతం పైదాకా రాకపోయినా పర్లేదు. అలసిన కాళ్ళతో భాకరాపేట ఘాట్ రోడ్డు రాత్రిపూట నడపడం మంచిది కాదు, వెలుగుండగానే దాటండి. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేసి, మోకాళ్ళ వెనక, నడుము పట్టీ కింద, చంకల్లో పిడుదులున్నాయేమో చూసుకోండి. కనబడితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చవద్దు.