పెళ్లయ్యాక కథ: గుంటూరు కుర్ర రచయితకో ఉత్తరం

బాబూ,

నీ ఉత్తరం చేరింది. జేన్ ఆస్టెన్ నవల "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" ఆగిపోయిన చోట మొదలుపెట్టి, డార్సీ ఎలిజబెత్‌ల కాపురం గురించి పుస్తకం తర్వాత పుస్తకం రాసుకుంటూ పోయిన సిరీస్ ఒకటి పట్టుకున్నావనీ, బ్రాడీపేట రూములో నీ ఫ్రెండ్స్ "ఆడవాళ్ల పుస్తకాలేంట్రా" అని ఆటపట్టిస్తున్నారనీ, అయినా వదల్లేకపోతున్నావనీ రాశావు. వదలకు. ఆ ఆటపట్టించేవాళ్ల అమ్మమ్మలు వారపత్రికల్లో సీరియల్ కాగితాలు చింపి బైండు చేయించుకున్నవాళ్లే అయ్యుంటారు. బెజవాడలో కూర్చుని అలాంటి సీరియల్స్ రాసే నాలుగు డబ్బులు చూసినదాన్ని నేను. రొమాన్స్ తక్కువ రకం అంటే నా దగ్గర చెల్లదు.

కాకపోతే నువ్వు రాయాలనుకుంటున్నావు కాబట్టి చదివే పద్ధతి కాస్త మార్చాలి. మూల నవల 1813లో వచ్చింది కదా, దాన్ని నడిపించింది ప్రేమ అనుకుంటాం గానీ నిజానికి అడ్డంకులు: అతని అహంకారం, ఈమె తొందరపాటు, మగపిల్లాడు లేని ఇంట్లో ఆస్తి రేపు ఎవరో కాలిన్స్‌కి పోతుందన్న తల్లి గాభరా. పెళ్లి కాగానే మొదటి రెండూ పోయాయి. మరి తర్వాతి పుస్తకం దేంతో నడవాలి? చాలామంది ఇక్కడ బయట్నించి గండాలు తెచ్చుకుంటారు. కిడ్నాపు, పాత విలన్ తిరిగి రావడం, గుర్రబ్బండి బోల్తా, కుళ్లుకునే బంధువు ఒకావిడ. మూడు అధ్యాయాలకో గండం, మధ్యలో పడగ్గది. పేజీలు గబగబా తిరుగుతాయి, వారం తర్వాత ఏ గండం ఏ పుస్తకంలోదో చెప్పలేవు. నువ్వు చదువుతున్న సిరీస్‌లో ప్రతి టెన్షన్ దగ్గరా ఆగి, ఇది ఆస్టెన్ కథలోంచి పుట్టిందా, లేక రచయిత్రికి ఏమీ తోచక పట్టుకొచ్చిందా అని అడుగు. పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకో.

నేను చెప్పదలచుకున్నది ఇదే: మూల రచయిత తీర్చకుండా వదిలిన బాకీలు ఉంటాయి, కొనసాగింపు రాసేవాడు వాటిని వెతకాలి. ఆ తీపిని సాగదియ్యాలని చూస్తే పాకం ముదురుతుందంతే.

ఆస్టెన్ చివరి అధ్యాయం మళ్లీ తియ్యి. అది ముగింపు అని అందరూ గబగబా చదివేస్తారు, అందులో ఉన్న సరుకు చూడరు. ఎలిజబెత్ చెల్లెలు లిడియా, పెళ్లి శుభాకాంక్షలు చెబుతూనే, మా ఆయనకి కొలువులో ఏదన్నా ఉద్యోగం చూడు, ఏడాదికి మూడు నాలుగు వందల పౌండ్లు వచ్చేది అయితే చాలు, నీకిష్టం లేకపోతే డార్సీకి చెప్పకులే అని అక్కకి రాస్తుంది. ఎలిజబెత్ అలాంటివి కుదరవని జవాబు రాస్తుంది గానీ, తన చేతిఖర్చుల్లో పొదుపు చేసి చెల్లెలికి తరచూ డబ్బు పంపిస్తూనే ఉంటుంది. డార్సీకి ఆ సంగతి తెలుసా? నవల చెప్పదు. పోపుల డబ్బాలో దాచింది తీసి, తిరుగుబోతు మరిది ఉన్న చెల్లెలింటికి మొగుడికి చెప్పకుండా పంపించే అక్కలు మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో నేను వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లాండులో ఆ రోజుల్లో పెళ్లయిన ఆడదాని సొమ్ము, పెళ్లి ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప, చట్టప్రకారం మొగుడిదే. దాన్ని మార్చే చట్టాలు 1870లో, 1882లో గానీ రాలేదు. పైగా ఆ లిడియా మొగుడు విక్‌హామ్‌కి పెళ్లికి ముందే డబ్బిచ్చి, అప్పులు తీర్చి ఒప్పించింది డార్సీ. ఇప్పుడు అదే మనిషికి డార్సీ భార్య చాటుగా ఇస్తోంది. ఇంతకంటే మంచి రెండో నవల ఎక్కడ దొరుకుతుంది చెప్పు? కిడ్నాపులెందుకు?

జేన్ ఐర్ నవలలో అటకమీది పిచ్చి భార్య గుర్తుందా? 1847లో ఆమెని అరిపించి, నిప్పు పెట్టించి, చంపేసి ఊరుకున్నారు. ఆ బాకీని 1966లో జీన్ రైస్ అనే రచయిత్రి తన నవలలో వసూలు చేసింది, ఆ భార్య చిన్నతనం దగ్గర్నించి మొదలుపెట్టి. అది రొమాన్స్ కాదంటావేమో. కాకపోనీ, పని మాత్రం అదే.

ఇక చరిత్ర. ఈ సిరీస్‌లలో చరిత్ర అంటే గౌన్ల లేసులు, కొవ్వొత్తుల దీపాలు, డిన్నర్‌లో ఏ మాంసం వడ్డించారన్నది. తప్పులేదు, నాకూ ఆ వంటల జాబితాలు ఇష్టమే. కానీ పండితులు లెక్కగట్టినట్టు మూలకథ 1811-12లో జరిగిందనుకో, ఆ తర్వాతి ఐదేళ్లు చూడు. 1815లో ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది, 1816లో యూరప్‌లో ఎండాకాలమే రాలేదు, పంటలు పోయాయి, రొట్టె ధర పెరిగింది. 1817 జూన్ 9 రాత్రి నేతగాళ్లు, ఇనుప కొలిమి పనివాళ్లు, క్వారీ కూలీలు కొన్ని వందలమంది ఆయుధాలు పట్టుకుని నాటింగ్‌హామ్ మీదికి బయల్దేరారు, దారిలో ఇళ్ల తలుపులు కొట్టి తుపాకులిమ్మన్నారు, ఒక ఇంట్లో పనివాడు తూటా తగిలి చచ్చిపోయాడు. ఎక్కడనుకున్నావు? పెంట్రిచ్‌లో, అంటే డెర్బీషైర్‌లో, అంటే డార్సీ గారి జిల్లాలోనే. నవంబర్ 7న ముగ్గురిని డెర్బీలో ఉరితీశారు. దానికి ముందురోజే దేశానికి కాబోయే రాణి షార్లెట్ యువరాణి కాన్పయ్యాక చనిపోయింది, బిడ్డా దక్కలేదు. ఎలిజబెత్ అప్పుడు గర్భవతి అనుకో. ఊరు ఊరంతా ఆ యువరాణి గురించి ఏడుస్తుంటే ఆవిడ ఏమనుకుని ఉంటుంది, ఉరితీసిన వాళ్లలో డార్సీ కౌలురైతు తమ్ముడు ఉంటే ఆ ఇంటికి ఆవిడ వెళ్లగలదా? నేను కల్పిస్తున్నాను, నిజమే. తారీఖులు మాత్రం నేను కల్పించినవి కాదు. చారిత్రక నవల రాసేవాడికి చరిత్ర ఇలా ఉపయోగపడాలి, పాత్రని ఇరకాటంలో పెట్టాలి.

నీ అసలు ప్రశ్నకి వస్తాను. అడవి బాపిరాజు గారి శాతవాహనుల నాటి నవల హిమబిందుకి కొనసాగింపు రాయాలనుంది, పెద్దల నవల ముట్టుకోవచ్చా అని సందేహపడ్డావు. మన భాషలో మొట్టమొదటి మహాకావ్యం, భారతమే, ఒకరు వదిలింది మరొకరు అందుకున్నది కదయ్యా. నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఆగిపోయాడు. తిక్కన ఆ మిగులు ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. నన్నయ తర్వాత దాదాపు మూడొందల ఏళ్లకి ఎఱ్ఱన వచ్చి ఆ రాత్రులకి శరత్కాలపు తెల్లవారు తెచ్చాడు, నన్నయలా మొదలుపెట్టి మెల్లగా తిక్కన వైపు నడిచి, చివరికి తన రాజుకి కాకుండా నన్నయ రాజు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. కాబట్టి ముట్టుకో. బాపిరాజు గారిని అనుకరించడానికి మాత్రం మొదటి నాలుగైదు పేజీలు చాలు, ఆ తర్వాత నీ గొంతు రావాలి.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. బాపిరాజు గారు 1952లో పోయారు, 2013 నుంచి ఆ నవలలు అందరివీ. విశ్వనాథ వారు 1976లో పోయారు, వారసుల్ని అడక్కుండా 2036 దాటేదాకా ఆ జోలికి వెళ్లకు.

హిమబిందులో బాకీ ఎక్కడుంది? వర్తకుడు చారుగుప్తుడి కూతురి ప్రేమ నీకు నచ్చింది, సరే. నాకైతే ఆ నవలలో ఆడపిల్లని విషకన్యగా పెంచిన ఇల్లు నిద్రపట్టనివ్వదు. ఆ పిల్లకి అన్నం కలిపి పెట్టిందెవరు, జడ వేసిందెవరు, ఎంత దూరంలో నిలబడి వేసింది? అక్కడ తవ్వు. ఇంకో చోటు అమరావతి శాసనాలు. స్తూపానికి దానాలిచ్చినవాళ్లలో ఆడవాళ్లు, వర్తకులు బోలెడుమంది, విధికుడనే తోలుపనివాడు కూడా ఉన్నాడు, అతను నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు, పూర్ణకుంభం చెక్కిన పలకని తల్లితో, భార్యతో, పిల్లలతో కలిసి ఇచ్చాడు. ఆ ఒక్క వాక్యంలో ఒక కుటుంబం మొత్తం ఉంది. గుంటూరు నుంచి బస్సెక్కితే గంట, గంటన్నర. మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లు. మంచి రాళ్లు చాలావరకు లండన్‌కీ చెన్నైకీ వెళ్లిపోయాయి, అది వేరే కడుపుమంట.

జాగ్రత్త పడాల్సిన చోట్లు కొన్ని. గుంటూరు వాడివి కనక చెయ్యి తిరిగి మిరపకాయ వేసేస్తావు, శాతవాహనుల వంటింట్లో మిరప లేదు, పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మనకి కారమంటే మిరియాలే. పొగాకూ లేదు, టమాటా లేదు. కాలవల కింద వరిచేలు కూడా రాయకు, బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది 1855లో. మాటలు మరీ గ్రాంథికంలో వద్దు. "హృదయేశ్వరీ" అని పిలిచే కుర్రాణ్ణి ఏ అమ్మాయీ నమ్మదు, ధాన్యకటకంలో అయినా సరే.

పడగ్గది సీన్లు ఎంతవరకు రాయొచ్చని మొహమాటంగా అడిగావు. ఎంతైనా రాయి, మన ప్రబంధకవులకి లేని సిగ్గు నీకెందుకు. సీన్ ముందు వాళ్లిద్దరి మధ్య ఉన్నదీ తర్వాత ఉన్నదీ ఒకటే అయితే మాత్రం కొట్టెయ్యి. ఆ సిరీస్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయో నీకే తెలుసు.

ఇంకొకటి, ఐదు భాగాల ప్లాను అన్నావు. వద్దు, ముందు ఒకటి రాయి. రెండో భాగం కోసం అట్టిపెట్టుకున్నానన్న సీన్ ఏదుందో అది మొదటి భాగంలోనే పెట్టెయ్యి.

దసరా లోపు యాభై పేజీలు రాసి పంపు. ఫోన్లో పీడీఎఫ్ వద్దు, కళ్లు లాగుతున్నాయి. ప్రింటు తీయించి, మార్జిన్ బాగా వదిలి పోస్టులో వెయ్యి. ఎర్రపెన్ను వాడతాను, ముందే చెబుతున్నాను, అలగకు.