కోర్సు పేరులో జీన్ థెరపీ ఉంటే సరిపోదు

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి క్యాన్సర్ పరిశోధన చేస్తానంటోంది. మేమేమో నీట్ లాంగ్‌టర్మ్‌కి అడ్వాన్సు కట్టేశాం. ఈలోగా ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు జీన్ థెరపీ, ఇమ్యునోథెరపీ స్పెషలైజేషన్‌తో బీటెక్ ఉంది, ప్యాకేజీలు బాగుంటాయి అంటున్నారు. ఎంబీబీఎస్, ఆ బీటెక్, తిరుపతి ఐసర్... మూడింటిలో ఏది మంచిది? ఆడపిల్ల, ఎప్పటికి సెటిలవుతుందో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీరు అసలు అడగాలనుకున్నది ఆఖరి వాక్యమే. ఇలాంటి ఉత్తరాల్లో చాలావరకు అదే ఉంటుంది. కాబట్టి ముందు దానికే వస్తాను.

ఐసర్ అంటే సైన్స్ చదువుకి, పరిశోధనకి కేంద్రం పెట్టిన సంస్థ. అక్కడ 5 ఏళ్ల బీఎస్-ఎంఎస్, ఆ తర్వాత పీహెచ్‌డీకి మరో 5, 6 ఏళ్లు. అంటే పాపకి 28, 29 వస్తాయి. అన్నాళ్లూ మీరు పోషించాల్సిన పని లేదు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37 వేలు, రెండేళ్లు దాటాక 42 వేలు ఫెలోషిప్ ఇస్తారు, హెచ్‌ఆర్‌ఏ వేరే. 23 ఏళ్లకే తన ఖర్చు తను చూసుకునే పిల్లని సెటిల్ కాలేదని ఎలా అంటాం? పెళ్లంటారా, పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు ఎంతమందో ఉన్నారు. భయపడకండి.

కానీ ఒక మాట గట్టిగానే అనాలి. పాప ఇంకా నీట్ రాయనే లేదు. అప్పుడే లాంగ్‌టర్మ్‌కి అడ్వాన్సా? రాయకముందే తప్పుతుందని ఇంట్లోవాళ్లే తీర్మానిస్తే ఆ పిల్ల ఏ ధైర్యంతో చదవాలి? మీరు డబ్బు కట్టింది ప్రేమతోనే, కాదనను. పాపకి మాత్రం అది నమ్మకం లేకపోవడంలాగే కనిపిస్తుంది.

ఇక ఆ బీటెక్. నాకు అనుమానాలన్నీ దీని మీదే. జన్యువులతో చేసే జీన్ థెరపీ, ఒంట్లోని రక్షణ కణాలతో చేసే ఇమ్యునోథెరపీ రెండూ కలిసిన కార్-టి అనే క్యాన్సర్ చికిత్సనే తీసుకోండి. రోగి రక్తంలోంచి టి-కణాలనే రక్షణ కణాలు తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టి చంపేలా వైరస్ సాయంతో వాటిలోకి కొత్త జన్యువు పంపి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి రోగికి ఎక్కిస్తారు. ఇందులో ఇమ్యునాలజీ ఉంది, వైరాలజీ ఉంది, మాలిక్యులర్ బయాలజీ ఉంది, స్టాటిస్టిక్స్ ఉంది. ఈ పునాదులు పడకుండా 18 ఏళ్లకే స్పెషలైజేషన్ అంటే బోర్డు మీద పేరే మిగులుతుంది. మన దేశంలో తయారైన మొదటి కార్-టి చికిత్స నెక్స్‌కార్19కి అనుమతి వచ్చింది 2023 అక్టోబరులో. విదేశాల్లో అయ్యే ఖర్చులో దాదాపు పదో వంతుకే ఇస్తున్నారు, గర్వపడాల్సిన పని. అయినా ఈ రంగంలో కంపెనీలు ఇక్కడ ఇంకా కొన్నే. బీటెక్‌తో దొరికేవి ఎక్కువగా తయారీ, నాణ్యత పరీక్షల ఉద్యోగాలు. పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ కావాల్సిందే. ఆ యూనివర్సిటీ వాళ్లని ప్యాకేజీ ఎంతని అడగకండి. ఈ కోర్సు చదివినవాళ్లలో ఎంతమంది ఇదే రంగంలో, ఎక్కడ పనిచేస్తున్నారో కాగితం మీద రాసిమ్మనండి. ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదంటే అప్పు చేసి మరీ చేర్చకండి.

పాపకి కూడా ఒక నిజం చెప్పాలి. వాళ్ల నాన్నమ్మకొచ్చిన రొమ్ము క్యాన్సర్‌కి కార్-టి ఇంకా చికిత్సగా అందుబాటులోకి రాలేదు. ఇంతవరకు అది బాగా గెలిచింది రక్త క్యాన్సర్లలోనే. గడ్డలుగా వచ్చే క్యాన్సర్లలో టి-కణాలు లోపలికి చొరబడలేకపోతున్నాయి, చొరబడినా అక్కడ నీరసించిపోతున్నాయి. ల్యాబ్‌లో కణాలకి సంక్రాంతి సెలవులుండవు, పండగ పూటా వెళ్లి మీడియా, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చాలి. నెలల తరబడి పెంచిన కణాలకి మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకితే పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇదంతా విన్నాక కూడా చేస్తానంటే, అమ్మాయి కోరిక గట్టిదే. అడ్డుపడకండి.

ఎంబీబీఎస్ సీటొస్తే పరిశోధన తలుపు మూసుకుపోదు. నెక్స్‌కార్19నే చూడండి. ల్యాబ్‌లో రూపొందించింది ఐఐటీ బొంబాయి వాళ్లు, రోగులకిచ్చి పరీక్షించింది టాటా మెమోరియల్ డాక్టర్లు. పాపకి రోగి పక్కన ఉండటం ఇష్టమా, ప్రయోగం దగ్గర ఉండటం ఇష్టమా? అది తననే అడగండి. ఐసర్ అయితే మాత్రం వాళ్ల పరీక్షలో నాలుగో వంతు లెక్కలే. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే. ఇప్పటి నుంచే లెక్కలకి ఒక మాస్టారిని పెట్టండి.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. మీకు గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీలో రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా-ఎ ఉన్న 5 మందికి జీన్ థెరపీ ఇచ్చి, 2024 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. ఏర్పేడు దగ్గరి ఐసర్ క్యాంపస్ కూడా దూరమేం కాదు. ఒకరోజు పాపని తీసుకెళ్లి, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలతో మాట్లాడనివ్వండి. మీరు పక్కన నిలబడకండి.

నీట్, ఐసర్ పరీక్ష రెండూ రాయనివ్వండి. ఫలితాలొచ్చాక తనే అడిగితే లాంగ్‌టర్మ్‌కి పంపండి. కట్టిన అడ్వాన్సు వెనక్కి రాకపోతే పోనీండి, ఆ డబ్బు కోసం పిల్లని ఏడాది పాటు హాస్టల్లో పెట్టకండి.