అమెరికాలో ఫోన్ కనెక్షన్: పిన్‌గా పుట్టినతేదీ వద్దు

కూకట్‌పల్లి నుంచో దిల్‌సుఖ్‌నగర్ నుంచో ఎమ్మెస్‌కి వెళ్ళే పిల్లలు చాలామంది అక్కడ దిగగానే సీనియర్ల ఫ్యామిలీ ప్లాన్‌లో చేరిపోతారు. డబ్బు మిగిలే మాట నిజమే. కానీ అకౌంటు ఎవరి పేరున ఉందో కంపెనీకి వాళ్ళే కస్టమర్. మీరు ఏ నంబరుకి ఎప్పుడు, ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఆ సీనియర్ తన లాగిన్‌లో చూడగలరు. రేపు మీ నంబరును వేరే కంపెనీకి మార్చుకోవాలన్నా అకౌంటు నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ ఆయన ఇవ్వాల్సిందే. ఇంటికి చేసే వాట్సాప్ కాల్స్ మాత్రం ఆ జాబితాలోకి రావు, అవి డేటా లెక్కలో పోతాయి.

సొంత పేరున తీసుకున్నవాళ్ళకు అక్కడి చట్టం మంచి రక్షణే ఇస్తుంది. కాల్స్ జాబితా, ప్లాన్, బిల్లు వివరాలను సీపీఎన్ఐ (కస్టమర్ ప్రొప్రైటరీ నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్) అంటారు. అమెరికా టెలికాం చట్టంలో 1996లో వచ్చిన 222వ సెక్షన్ ప్రకారం వీటిని కంపెనీ ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. తన అనుబంధ సంస్థల ఫోన్ సేవలు మీకు అమ్మడానికి వాడుకోవాలంటే ముందుగా నోటీసు పంపాలి. 30 రోజుల్లో మీరు వద్దనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ నోటీసు మొదటి బిల్లుతోనో ఈమెయిల్‌లోనో రావచ్చు, ప్రకటన అనుకుని తీసేయకండి. యాప్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సీపీఎన్ఐ దగ్గర ఆప్ట్ అవుట్ నొక్కండి. దానివల్ల సర్వీసుకు ఏ లోటూ రాదు.

అసలు జాగ్రత్త పిన్ దగ్గర కావాలి. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2007 నిబంధనల ప్రకారం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కాల్స్ జాబితా అడిగితే అకౌంటు పాస్‌వర్డ్, అంటే పిన్, చెప్పాలి. పుట్టినతేదీ, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) చివరి నాలుగు అంకెలు చెబితే సరిపోదు. కాబట్టి వాటినే పిన్‌గా పెట్టుకోకండి. పాస్‌వర్డ్ లేకపోతే మీ నంబరుకే తిరిగి ఫోన్ చేస్తారు, లేదా రికార్డులో ఉన్న అడ్రస్‌కు పోస్టులో పంపుతారు. ఆ అడ్రస్ అకౌంటులోకి ఎక్కి 30 రోజులు నిండి ఉండాలి. కొత్తవాళ్ళకు చిక్కు ఇక్కడే వస్తుంది: మొదటి వారాలు స్నేహితుల గదిలో ఉండి ఆ అడ్రస్ ఇస్తారు, తర్వాత అపార్ట్‌మెంట్ మారతారు, ఉత్తరం పాత గదికే పోతుంది. అందుకే మారిన రోజే అడ్రస్ మార్చండి. తొందరైతే పాస్‌పోర్టు పట్టుకుని స్టోర్‌కు వెళ్ళండి.

తల్లిదండ్రులకు ఒక మాట. హైదరాబాద్ నుంచి కొడుకులా మాట్లాడి వివరాలు రాబట్టాలని చూడకండి. అలా మోసంతో ఫోన్ రికార్డులు తీసుకోవడం 2006 చట్టం ప్రకారం అక్కడ నేరం, పదేళ్ళ వరకు జైలు ఉంది.

పాస్‌వర్డ్, అడ్రస్, ఆన్‌లైన్ అకౌంటు మారితే కంపెనీ వెంటనే మీకు తెలియజేయాలి. మీరు ఏమీ మార్చకుండా అలాంటి మెసేజ్ వచ్చినా, ఉన్నట్టుండి సిగ్నల్ పోయినా మీ నంబరును ఎవరో తమ సిమ్‌లోకి మార్చుకుని ఉండొచ్చు. వెంటనే వేరే ఫోన్ నుంచి కంపెనీకి, ఆ తర్వాత బ్యాంకుకు చెప్పండి, ఎందుకంటే ఓటీపీలన్నీ ఆ నంబరుకే వెళ్తాయి. చాలా కంపెనీల యాప్‌లలో నంబర్ లాక్ ఉచితంగా దొరుకుతుంది, కనెక్షన్ తీసుకున్న రోజే వేసుకోండి.